ఆ ఆరు నెలలు మళ్లీ చేజారకూడదు

దక్షిణ సూడాన్‌లో ఇప్పుడు జరుగుతున్నదాన్ని ప్రపంచం చూస్తూ ఊరుకుంటే మరో ఎరిత్రియా తయారవుతుంది. భయపెట్టడానికి అంటున్న మాట కాదిది. ఎరిత్రియాలో 2001 సెప్టెంబర్ నుంచి 2002 ఏప్రిల్ దాకా ఏం జరిగిందో, ఆ సమయంలో పెద్ద దేశాలు ఏం చేశాయో, ఏం చేయకుండా వదిలేశాయో తెలిసినవారు ఈరోజు దక్షిణ సూడాన్ రాజధాని జూబా నుంచి వస్తున్న వార్తలు చదివితే నిద్రపోలేరు.

2011 జూలై 9న స్వతంత్రం వచ్చిన దక్షిణ సూడాన్‌లో ఆ తర్వాత ఒక్కసారి కూడా సార్వత్రిక ఎన్నికలు జరగలేదు. 2024 డిసెంబర్‌లో జరగాల్సిన ఎన్నికలను 2026 డిసెంబర్‌కు వాయిదా వేశారు. ఈ మధ్యలో, 2025 మార్చిలో మొదటి ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌ను గృహ నిర్బంధంలో పెట్టారు. సెప్టెంబర్‌లో ఆయనపై హత్య, రాజద్రోహం అభియోగాలు మోపారు. మచార్ కడిగిన ముత్యమని ఎవరూ అనరు. 2013లో మొదలైన అంతర్యుద్ధంలో ఆయన బలగాల చేతులకూ, అధ్యక్షుడు సల్వా కీర్ బలగాల చేతులకూ రక్తం అంటింది. కానీ ఆ యుద్ధాన్ని ఆపిన 2018 శాంతి ఒప్పందం ఈ ఇద్దరి సంతకాల మీదే నిలబడి ఉంది. ఒక సంతకందారు రెండో సంతకందారును నిర్బంధించాక ఆ ఒప్పందంలో ఇక మిగిలేదేమిటి? వారెంటు లేకుండా మనుషుల్ని పట్టుకుపోయే అధికారాన్ని జాతీయ భద్రతా సర్వీసుకు అట్టిపెట్టిన చట్టం 2024లో అమల్లోకి వచ్చింది. ప్రత్యర్థిని నిర్బంధించడం, ఎన్నికలను వాయిదా వేయడం, రహస్య పోలీసులకు పగ్గాలు వదిలేయడం: ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు తర్వాతి దెబ్బ పత్రికల మీద పడుతుంది. దక్షిణ సూడాన్‌లో ఆ దెబ్బ పడటం ఎప్పుడో మొదలైంది.

ఎరిత్రియా సంగతి మన పాఠకుల్లో చాలామందికి అంతగా తెలియదు. ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశమది. ఇథియోపియా నుంచి విడిపోవడానికి ముప్పై ఏళ్లు, 1961 నుంచి 1991 దాకా, ఆయుధం పట్టి పోరాడింది. ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా కందకాల్లో నిలబడి యుద్ధం చేశారు. 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 99 మందికి పైగా స్వాతంత్ర్యానికే ఓటేశారు. 1997లో రాజ్యాంగానికి ఆమోదం కూడా లభించింది. ఆ దేశాన్ని ఆఫ్రికాకు కొత్త ఆశగా ప్రపంచం మెచ్చుకున్న రోజులవి. సెతిత్, మెఖాలే, చిగెనాయ్, కెస్తె దెబెనా వంటి ప్రైవేటు పత్రికలు రాజధాని అస్మారా వీధుల్లోకి వచ్చాయి. వాటిలో పనిచేసినవాళ్లలో పోరాటం నుంచి వచ్చినవాళ్లున్నారు, నాటక రచయితలున్నారు, విదేశాల్లో తలదాచుకుని స్వతంత్రం వచ్చాక ఇల్లు చేరినవాళ్లున్నారు. దావిత్ ఇసాక్ అలా వచ్చినవాడే. యుద్ధకాలంలో స్వీడన్‌కు శరణార్థిగా వెళ్లి ఆ దేశ పౌరుడయ్యాడు. తన దేశానికి స్వతంత్రం వచ్చిందని సంబరపడి తిరిగి వచ్చి, సెతిత్ పత్రికలో భాగస్వామి అయ్యాడు.

1998లో బద్మె అనే సరిహద్దు ఊరి కోసం ఇథియోపియాతో యుద్ధం మొదలైంది. 2000లో అది ఆగేసరికి రెండు వైపులా కలిపి పదుల వేలమంది చనిపోయారు. ఆ యుద్ధం ఎందుకు వచ్చింది, అలా ఎందుకు నడిపారు, ఆమోదించుకున్న రాజ్యాంగాన్ని ఎందుకు పక్కన పెట్టారు, ఎన్నికలు ఎప్పుడు అని పాలక పార్టీలోనే పదిహేనుమంది పెద్దలు 2001 మేలో అధ్యక్షుడు ఇసయాస్ అఫ్‌వెర్కీకి బహిరంగ లేఖ రాశారు. వాళ్లంతా ఆయనతో పాటు పోరాడినవాళ్లే. మాజీ మంత్రులు, సైన్యాధికారులు వారిలో ఉన్నారు. పత్రికలు వాళ్లతో ఇంటర్వ్యూలు వేశాయి. అస్మారాలో జనం కాఫీ కొట్ల దగ్గర ఆ పేజీలు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చదివారు.

2001 సెప్టెంబర్ 18. న్యూయార్క్ జంట సౌధాలు కూలి సరిగ్గా వారం. ప్రపంచంలోని టీవీలన్నీ ఆ శిథిలాలనే చూపిస్తున్నాయి. ఆ ఉదయం ఎరిత్రియా ప్రభుత్వ రేడియో ఒక ప్రకటన చదివింది: ప్రైవేటు పత్రికలన్నీ మూత. లేఖ రాసిన పదిహేనుమందిలో పదకొండు మందిని ఇళ్ల నుంచి పట్టుకుపోయారు. తర్వాతి రోజుల్లో ఎడిటర్లను, రిపోర్టర్లను ఒక్కొక్కరినే పట్టుకున్నారు. దావిత్ ఇసాక్‌ను సెప్టెంబర్ 23న అరెస్టు చేశారు. ఎవరి మీదా చార్జిషీటు లేదు. ఒక్కరినీ కోర్టుకు తీసుకురాలేదు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. పత్రికల వాళ్లను మొదట్లో ఎక్కడో ఎడారి కొంపల్లో దాచలేదు. రాజధాని నడిబొడ్డున, అస్మారాలోని ఒకటో నంబర్ పోలీస్ స్టేషన్‌లో ఉంచారు. ఆ స్టేషన్ ఎక్కడుందో ఊళ్లో అందరికీ తెలుసు, రాయబార కార్యాలయాలకూ తెలుసు. లోపల ఎవరెవరున్నారో కూడా తెలుసు. అలా ఆరు నెలలు గడిచాయి. 2002 మార్చి 31న ఆ ఖైదీల్లో పదిమంది నిరాహారదీక్షకు దిగారు. తమను కోర్టులో హాజరుపరచండి, నేరం చేశామంటే విచారించండి అని అడుగుతూ ఒక చీటీ బయటికి పంపగలిగారు. నాలుగు రోజులు తిరిగేసరికి వాళ్లలో తొమ్మిది మందిని గుర్తుతెలియని చోటికి తరలించారు. పదోవాడైన దావిత్ ఇసాక్‌ను ఆస్పత్రికి పంపారు. తరలించిన వాళ్లను కుటుంబాలు మళ్లీ చూడలేదు. వారిలో ఒకడు ఫెస్సెహయే యోహన్నెస్. నాటక రచయిత, పూర్వం పోరాటంలో పాల్గొన్నవాడు. పత్రికా రచయితల రక్షణ కమిటీ 2002లో ఆయనకు అంతర్జాతీయ పత్రికాస్వేచ్ఛ పురస్కారం ప్రకటించింది. 2007లో ఆయన జైల్లో మరణించినట్టు సమాచారం బయటికొచ్చింది. ప్రభుత్వం అవునని గానీ కాదని గానీ చెప్పలేదు.

తెలుగునాట పౌరహక్కుల ఉద్యమం తెలిసినవారికి ఈ ఆరు నెలల విలువ విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక మనిషిని పోలీసులు పట్టుకుపోయారని తెలిస్తే ముందు అడిగేది ఎక్కడున్నాడో చెప్పమని. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచమని. రాత్రికి రాత్రి వకీలును నిద్రలేపి హెబియస్ కార్పస్ పిటిషన్ రాయించినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. ఎందుకంత తొందర? మనిషి ఫలానా స్టేషన్‌లో ఉన్నాడని పదిమందికి తెలిసినంతసేపే ప్రాణానికి కాస్త భరోసా అని అనుభవం నేర్పింది. అక్కణ్నుంచి కదిలించారంటే చేయి దాటినట్టే. అస్మారాలో అది ఆరు నెలలపాటు చేయి దాటకుండా ఉంది.

మరి ఆ ఆరు నెలల్లో ప్రపంచం చేసిందేమిటి? ఐరోపా సమాఖ్య తరఫున ఇటలీ రాయబారి ఆంతోనియో బందీని నిరసన తెలిపాడు. ఎరిత్రియా ఆయన్ను దేశం నుంచి వెళ్లగొట్టింది. దానికి నిరసనగా ఐరోపా దేశాలు తమ రాయబారులను వెనక్కి పిలిపించుకున్నాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ కొన్ని నెలలకే, ఒక్క ఖైదీ కూడా బయటికి రాకుండానే, రాయబారులు ఒకరి వెనక ఒకరు అస్మారా చేరుకున్నారు. ఇసయాస్ అఫ్‌వెర్కీ ఆ రోజు నేర్చుకున్న పాఠాన్ని ఈనాటికీ మర్చిపోలేదు: ఓపిక పడితే వాళ్లే తిరిగి వస్తారు. 2002 డిసెంబర్‌లో అమెరికా రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ అస్మారా వచ్చాడు. ఉగ్రవాదంపై యుద్ధానికి ఎర్ర సముద్ర తీరంలో మిత్రుడు కావాలి. మరుసటి ఏడాది ఇరాక్ దాడికి మద్దతిచ్చిన దేశాల జాబితాలో ఎరిత్రియా పేరుంది. ఆ వరుసలో పేరున్న ప్రభుత్వాన్ని జైల్లో ఉన్న పత్రికల వాళ్ల గురించి గట్టిగా నిలదీసేదెవరు?

2003 డిసెంబర్‌లో జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. ఆ పదకొండు మందిలో ఒకరి భార్య అప్పటికి అమెరికాలో చదువుకుంటోంది. పిల్లలు అస్మారాలో ఉన్నారు. తిరిగి వెళ్తే ఏమీ జరగదని తమ రాయబార కార్యాలయం నుంచి భరోసా తీసుకుని విమానం ఎక్కింది. విమానాశ్రయం బయట పిల్లలు ఎదురుచూస్తుండగా, లోపలే ఆమెను పట్టుకుపోయారు. పిల్లలు ఆమెను చూడలేదు. ఇలాంటి రాజ్యంతో చెవిలో గుసగుసగా మాట్లాడి పనులు చక్కబెట్టవచ్చని నమ్మినవాళ్ల మీద నాకు కోపం కంటే బాధ ఎక్కువ.

స్వీడన్ అలాగే నమ్మింది. దావిత్ ఇసాక్ స్వీడన్ పౌరుడు కాబట్టి ఆ దేశానికి అందరికంటే ఎక్కువ బాధ్యత ఉంది. రచ్చ చేస్తే పని చెడుతుంది, తెరవెనక మాట్లాడదాం అన్న పద్ధతిని ఎంచుకుంది. 2005 నవంబర్ 19న ఆ పద్ధతి ఫలించినట్టే కనిపించింది. దావిత్‌ను వదిలేశారు. ఆయన స్వీడన్‌లోని ఇంటికి ఫోన్ చేశాడు, భార్యతో మాట్లాడాడు. స్టాక్‌హోమ్ పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. రెండు రోజులకే, ఆస్పత్రికి వెళ్తుండగా దారిలో మళ్లీ పట్టుకున్నారు. వైద్యం కోసమే బయటికి పంపాం, విడుదల చేయలేదు పొమ్మంది ఎరిత్రియా. పత్రికలు సంబరం చేసినందుకే అలా జరిగిందని తెరవెనక దౌత్యాన్ని సమర్థించేవాళ్లు ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. ఒక మనిషిని వదిలిపెట్టడమూ, రెండు రోజుల్లో మళ్లీ లోపల వేయడమూ ఒక పాలకుడి ఇష్టాయిష్టాల మీదే ఆధారపడి ఉంటే, పత్రికల శీర్షికలు దానికి కారణమెలా అవుతాయి? 2009లో స్వీడన్ టెలివిజన్‌కిచ్చిన ఇంటర్వ్యూలో ఇసయాస్ దాపరికం లేకుండానే చెప్పాడు: దావిత్‌కు విచారణ ఉండదు, విడుదలా ఉండదు. ఆ మాట విన్న తర్వాత కూడా మౌనమే మార్గమనుకోవడం దౌత్యం అనిపించుకోదు.

ఆ మౌనంలోనే ఎరిత్రియా మొత్తం జైలుగా మారింది. 1995 చట్టం ప్రకారం యువతీ యువకులు 18 నెలలు జాతీయ సేవ చేయాలి. 2002 తర్వాత దానికి అంతులేకుండా పోయింది. ఇరవైల్లో చేరినవాడు నలభైలు దాటినా కందకాలు తవ్వుతూ, రోడ్లు వేస్తూ, పాఠాలు చెబుతూ, గుమాస్తాగా రాస్తూ సైన్యం చెప్పినచోట పడి ఉండాల్సిందే. పిల్లలు ఆఖరి సంవత్సరం స్కూలు చదువు సావా సైనిక శిబిరంలో చదవాలి. ఇదంతా రాసేవారు లేరు, ఎందుకంటే రాసేవాళ్లందరూ లోపలున్నారు. 2015లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం ఆ దేశం నుంచి నెలకు దాదాపు ఐదువేల మంది పారిపోతున్నారని చెప్పింది. 2013 అక్టోబర్ 3న ఇటలీలోని లాంపెడూసా దీవి దగ్గర మునిగిన పడవలో 360 మందికి పైగా చనిపోయారు. అత్యధికులు ఎరిత్రియా వాళ్లే. అప్పుడు ఐరోపా కదిలింది. జైళ్ల గురించి కదల్లేదు, వలసలు ఆపాలని కదిలింది. 2016 మొదట్లో ఎరిత్రియాకు 20 కోట్ల యూరోల సహాయ కార్యక్రమం ప్రకటించింది. తర్వాత రోడ్ల బాగుకూ డబ్బిచ్చింది. ఆ రోడ్డు పనుల్లో జాతీయ సేవ పేరుతో నిర్బంధంగా తెచ్చిన మనుషులు పనిచేస్తున్నారని బయటపడి పెద్ద గొడవైంది. బిషా బంగారు గనిలో అలాగే పనిచేయించారని చెప్పిన ఎరిత్రియా శరణార్థులు కెనడా కంపెనీ నెవ్సన్ మీద అక్కడి కోర్టుకెక్కారు. ఆ దావా నడవవచ్చని 2020 ఫిబ్రవరిలో కెనడా సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత కంపెనీ రాజీకొచ్చింది. ఇన్నేళ్ల ఈ కథలో బాధితులకు కోర్టులో దక్కిన అరుదైన గెలుపు అది. అది కూడా ప్రభుత్వాలు గెలిపించింది కాదు, పారిపోయి వచ్చిన కూలీలు గెలుచుకున్నది.

ఐరాస ఆంక్షలు విధించలేదా అని అడగవచ్చు. విధించింది. 2009 డిసెంబర్‌లో ఆయుధ నిషేధం, మరికొన్ని ఆంక్షలు పెట్టింది. అయితే సోమాలియా తిరుగుబాటుదారులకు సాయం చేస్తోందన్న ఆరోపణ మీద, జిబూతీతో సరిహద్దు తగాదా మీద పెట్టింది. పత్రికల వాళ్ల ఊసు ఆ తీర్మానంలో లేదు. 2018లో ఇథియోపియాతో శాంతి కుదరగానే, ఆ ఏడాది నవంబర్‌లోనే ఎత్తేసింది. జైలు తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు. దానికి ఒక నెల ముందు, 2018 అక్టోబర్‌లో, ఐరాస మానవ హక్కుల మండలికి జరిగిన ఎన్నికలో ఎరిత్రియా 160 ఓట్లతో గెలిచింది. ఆఫ్రికా కోటాలో ఐదు సీట్లకు ఐదు దేశాలే నిలబడ్డాయి కాబట్టి పోటీయే లేదు. అదే మండలి నియమించిన సంఘం ఆ పాలకులు మానవాళిపై నేరాలకు పాల్పడ్డారని రెండేళ్ల ముందే, 2016లో, నివేదిక ఇచ్చింది. అదే ఎన్నికలో మన దేశం 188 ఓట్లతో, అన్ని దేశాలకంటే ఎక్కువ ఓట్లతో, నెగ్గింది. ఆ తర్వాత మూడేళ్లు రెండు దేశాల ప్రతినిధులూ ఒకే మండలిలో కూర్చున్నారు. 2020 నవంబర్‌లో ఇథియోపియాలోని టిగ్రాయ్‌లో యుద్ధం వచ్చింది, ఎరిత్రియా సైన్యం సరిహద్దు దాటి వెళ్లి చేసిన ఘోరాలు బయటికొచ్చాయి. అప్పుడు గానీ అమెరికాకూ ఐరోపాకూ మళ్లీ ఆంక్షలు గుర్తుకు రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

కొత్త దేశం కదా, యుద్ధంలోంచి బయటపడింది కదా, నిలదొక్కుకునేదాకా కొంత ఓర్చుకోవాలి అనే వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. వలస పాలకులు చేసిన గాయాలు మానని దేశాలకు పాఠాలు చెప్పే అర్హత పశ్చిమ దేశాలకు లేదన్నది నిజమే. ఎరిత్రియాను ఇటలీ ఏలింది, ఆ తర్వాత బ్రిటన్ ఏలింది, ఆ పైన ప్రపంచమే దాన్ని ఇథియోపియాకు కట్టబెట్టింది. ఆ కోపం న్యాయమైనది. కానీ ఆ కోపాన్ని సొంత ప్రజల నోళ్లు కట్టడానికి తాడుగా వాడుకోవడం న్యాయం కాదు. తూర్పు తైమూర్‌ను చూడండి. 2002లో స్వతంత్రమైంది. ఎరిత్రియా కంటే చిన్నది, ఎరిత్రియాలాగే రక్తంలో తడిసి పుట్టింది. 2014లో అక్కడి పార్లమెంటు పత్రికలను బిగించే చట్టం తెచ్చింది. పత్రికల వాళ్లు గొడవ చేశారు, బయటి సంస్థలు గొంతు కలిపాయి, అధ్యక్షుడు ఆ బిల్లును అప్పీలు కోర్టుకు పంపాడు. కోర్టు కొన్ని భాగాలు రాజ్యాంగ విరుద్ధమంది. సవరించాకే చట్టమైంది. నమీబియా 1990లో స్వతంత్రమైంది. ఆఫ్రికాలో పత్రికాస్వేచ్ఛ బాగా ఉన్న దేశాల్లో అది తరచూ ముందు వరుసలో ఉంటోంది. పాలకులు కోర్టుకు లోబడతారా లేదా అన్నదే తేడా. దేశం వయసుకు దీనితో పని లేదు.

జూబాకు వద్దాం. 2023 అక్టోబర్‌లో దక్షిణ సూడాన్ పై ఐరాస మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన నివేదిక అక్కడి పత్రికల రోజువారీ బతుకును కళ్లకు కట్టింది. జాతీయ భద్రతా సర్వీసు మనుషులు అచ్చుకు ముందు పత్రిక పేజీలు చూస్తారు. వాళ్లకు నచ్చని వార్త తీసేయాలి. చాలాసార్లు ఆఖరి నిమిషంలో తీయించిన వార్త స్థానంలో వేయడానికి ఏమీ లేక ఆ చోటు తెల్లగా వదిలి అచ్చేసుకుంటారు. పొద్దున్నే పత్రిక కొన్నవాడికి ఆ ఖాళీ కాగితమే కనిపిస్తుంది. ఒక బహిరంగ కార్యక్రమంలో అధ్యక్షుడు నిలబడే మూత్రం పోసుకున్నట్టు కనిపించిన వీడియో ఒకటి 2022 డిసెంబర్‌లో బయటికొస్తే, 2023 జనవరిలో ప్రభుత్వ టీవీలో పనిచేసే ఆరుగుర్ని పట్టుకుపోయారు. ఒక దినపత్రిక ఎడిటర్‌ను 2024 నవంబర్ చివర్లో తీసుకెళ్లి నెలల తరబడి లోపల ఉంచారు. ఇలాంటివి ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఒక చిన్న వార్త. వరుసగా పేర్చి చూస్తే ఎటు వెళ్తున్నారో తెలుస్తుంది.

అయితే ఇక్కడ ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నా ఆదుర్దా అంతా అందుకే. 2016 జూలైలో జూబా మానిటర్ పత్రిక స్థాపకుడు ఆల్ఫ్రెడ్ తబాన్, యుద్ధానికి కారణమైన కీర్, మచార్ ఇద్దరూ దిగిపోవాలని రాశాడు. అరెస్టు చేశారు. ఆ రోజు నుంచే పత్రికా సంఘాలు, రాయబార కార్యాలయాలు, ఆఫ్రికాలోని పత్రికల వాళ్లు పేరు పెట్టి అడగడం మొదలుపెట్టారు. రెండు వారాల్లో బెయిల్ మీద బయటికొచ్చాడు. 2025 జనవరిలో ఫేస్‌బుక్, టిక్‌టాక్‌లను తొంభై రోజుల దాకా ఆపేయాలని ప్రభుత్వం ఆదేశించింది. గొడవ నడుమ వారం తిరక్కుండానే వెనక్కి తగ్గింది. అంటే జూబాలోని పాలకులు ఇంకా బయటి మాట వింటున్నారు. చమురు అమ్ముకోవాలి, విదేశీ సాయం కావాలి, శాంతి ఒప్పందానికి పూచీ నిలిచిన దేశాలతో పని ఉంది. అస్మారాలో ఆ చెవి 2002 తర్వాత మూసుకుపోయింది. జూబాలో మూసుకుపోకముందే మాట్లాడాలి.

ఏం మాట్లాడాలి? దేశం మొత్తం మీద ఆంక్షలు పెట్టమని నేను అడగడం లేదు. ఆకలితో ఉన్న దేశం మీద ఆంక్షలు పడితే ముందు పడేది పేదవాడి కంచం మీద. అడగాల్సింది చిన్నది, కచ్చితమైనది. పట్టుకున్న ప్రతి మనిషి పేరు చెప్పండి, ఎక్కడున్నాడో చూపండి, కోర్టులో హాజరుపరచండి. రాయబారులు స్టేషన్ గుమ్మం దాకా వెళ్లి అడగాలి. విడుదలయ్యేదాకా ప్రతి వారం ఆ పేరు బయటికి వినిపించాలి. పట్టుకుపోయే అధికారులు ఎవరో పేర్లతో తెలుస్తుంది కాబట్టి, వాళ్ల వీసాలు, విదేశాల్లో వాళ్ల ఖాతాలు ఆపాలి. దక్షిణ సూడాన్‌పై 2018 నుంచి ఉన్న ఆయుధ నిషేధాన్ని 2025 మేలో భద్రతా మండలి పొడిగించింది గానీ సరిగ్గా తొమ్మిది ఓట్లతో, అంటే ఒక్క ఓటు తగ్గినా వీగిపోయేలా గట్టెక్కించింది. అది వీగిపోతే ఆయుధాల లారీలు రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

మనకేం సంబంధం అనకండి. 2000 నుంచి 2008 దాకా ఎరిత్రియా, ఇథియోపియా సరిహద్దు మీద ఐరాస జెండా కింద కాపలా కాసిన బలగాల్లో మన జవాన్లున్నారు. దక్షిణ సూడాన్‌లో ఈనాటికీ ఉన్నారు. జొంగ్లై రాష్ట్రంలో 2013 ఏప్రిల్‌లో జరిగిన మెరుపుదాడిలో ఐదుగురు భారత సైనికులు చనిపోయారు. అక్కడి చమురు క్షేత్రాల్లో ఓఎన్‌జీసీ విదేశ్‌కు వాటా ఉంది. 2016 జూలైలో జూబా వీధుల్లో కాల్పులు జరిగినప్పుడు వ్యాపారాలు, ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లను వాయుసేన విమానాలు పంపి వెనక్కి తెచ్చుకున్నాం. మళ్లీ యుద్ధం వస్తే మళ్లీ విమానాలు పంపాల్సి వస్తుంది. ఆ పరిస్థితి రాకుండా చూసే మాట ఇప్పుడే చెప్పగలిగే స్థానంలో మన ప్రభుత్వం ఉంది. 2026 జనవరి నుంచి మూడేళ్లపాటు మానవ హక్కుల మండలిలో భారత్‌కు మళ్లీ సభ్యత్వం దక్కింది. దేశం పేరు పెట్టి చేసే తీర్మానాలంటే ఢిల్లీకి ఎప్పట్నుంచో అయిష్టత ఉంది. ఆ అయిష్టతకు కారణాలున్నాయి, వాటిని కొట్టిపారేయను. కానీ మన జవాన్లు ప్రాణాలొడ్డి కాపాడుతున్న శాంతిని అక్కడి పాలకులే కూల్చేస్తుంటే తటస్థంగా ఉండటం కుదరదు.

ఎమర్జెన్సీలో సెన్సార్ అధికారి సంతకం కోసం పేజీలు పట్టుకుని నిలబడ్డ తరం తెలుగు పత్రికల్లో ఉంది. ఆ 21 నెలల తర్వాత మనకు ఎన్నికలు వచ్చాయి, పత్రికలు మళ్లీ రాశాయి. అస్మారాలో 2001లో మూసిన పత్రికలు ఇప్పటికీ తెరుచుకోలేదు. 2025 పత్రికాస్వేచ్ఛ సూచీలో 180 దేశాలకు గాను ఎరిత్రియాది 180వ స్థానం. 2024 చివరి లెక్క ప్రకారం అక్కడి జైళ్లలో 16 మంది పత్రికల వాళ్లున్నారు. ప్రపంచంలో ఇంతకాలంగా జైల్లో ఉన్న పత్రికా రచయితలు మరెక్కడా లేరు. వాళ్లను ప్రపంచం మర్చిపోతే బాగుండునని ఎరిత్రియా ప్రభుత్వం కోరుకుంటోంది. అందుకే 2025 జూలైలో తన మీద నియమించిన ఐరాస ప్రత్యేక పరిశీలకుడి పదవినే రద్దు చేయాలని మండలిలో తీర్మానం పెట్టింది. నాలుగు దేశాలు అనుకూలంగా, 25 దేశాలు వ్యతిరేకంగా ఓటేయడంతో అది వీగిపోయింది. 18 దేశాలు ఎటూ చెప్పకుండా కూర్చున్నాయి. ఇలాంటి ఓటు మళ్లీ వస్తే భారత్ అలా ఎటూ చెప్పకుండా కూర్చోకూడదు.

తెలుగు రాష్ట్రాల్లోని ప్రెస్ క్లబ్‌లు, జర్నలిస్టు సంఘాలు, పౌరహక్కుల సంఘాలు, న్యాయవాదుల సంఘాలు వెంటనే విదేశాంగ శాఖకు రాయాలి. దక్షిణ సూడాన్‌లో పత్రికలవారి అరెస్టులపై పేర్లతో అడగమని, ఆ దేశంపై ఐరాస మానవ హక్కుల కమిషన్ గడువు పొడిగింపుకు ఓటేయమని, ఎరిత్రియా జైళ్లలో ఉన్నవాళ్లు బతికున్నారో లేదో చెప్పించమని కోరాలి. మన పార్లమెంటు సభ్యుల చేత సభలో ప్రశ్న వేయించాలి. ఎంపీ ఆఫీసుకు ఒక్క ఉత్తరం రాయడానికి మీకు అరగంట పడుతుంది. దక్షిణ సూడాన్ ఎన్నికల తేదీ వచ్చేదాకా ఆగకండి, ఈ వారమే రాయండి.